గిగ్‌లకు (ప్రోగ్రాములకు) తిరిగే బేస్ గిటార్ ప్లేయర్లు చిన్న యాంప్ సెటప్ ఎలా ఎంచుకోవాలి

"అన్నా, బైక్ మీద పట్టుకెళ్లేంత చిన్నది, డ్రమ్స్ పక్కన కూడా వినబడేది, ఏ బేస్ యాంప్ కొనమంటావ్?" నన్ను అడిగేవాళ్లలో చాలామందిది ఇదే ప్రశ్న. చర్చిలో ప్రతి ఆదివారం వాయించేవాళ్లు, రిసెప్షన్ ఆర్కెస్ట్రాల్లో వాయించేవాళ్లు, హైదరాబాద్ పబ్బుల్లో శుక్ర, శనివారాలు వాయించేవాళ్లు, అమెరికాలో ఉన్న అక్కతో తెప్పించుకుందామనుకునేవాళ్లు, అందరూ మోడల్ పేరు ఒక్కటి చెప్పేయమంటారు. మీరు ఎక్కడ వాయిస్తారో, దాన్ని దేని మీద తీసుకెళ్తారో తెలియకుండా నేను పేరు చెబితే మీ డబ్బు బూడిదలో పోసిన పన్నీరవుతుంది. అందుకే నేను ఎలా ఎంచుకుంటానో మొత్తం రాస్తున్నా. వరసగా చదివి, మీ పరిస్థితికి తగ్గట్టు చేసుకోండి.

1969లో వచ్చిన ఆంపెగ్ ఎస్‌విటి 300 వాట్ల ట్యూబ్ యాంప్. హెడ్ (స్పీకర్ లేని యాంప్ పెట్టె) ఒక్కటే దాదాపు 40 కిలోలు, దాని కింద పెట్టే ఎనిమిది స్పీకర్ల బాక్స్ అంతకంటే బరువు. ఇవాళ 200 వాట్ల క్లాస్-డి (ట్యూబులు లేని తేలికైన కొత్త రకం) హెడ్ కిలో లోపు బరువుతో దొరుకుతోంది, గిటార్ బ్యాగ్ ముందు జేబులో పట్టేస్తుంది. హెడ్ తేలికైపోయింది కాబట్టి ఇప్పుడు అసలు ఆలోచించాల్సింది బాక్స్ గురించి. (స్పీకర్ క్యాబినెట్‌ని మనవాళ్లు బాక్స్ అనే అంటారు, నేనూ అలాగే రాస్తా.)

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- మీ సొంత బేస్, మీరు రోజూ వాడే కేబుల్
- రికార్డింగ్‌కి మీ ఫోన్
- ఇంట్లో బరువు తూచే మెషీన్
- మూడు పిన్నుల సాకెట్ టెస్టర్, అంటే ఎర్త్ ఉందో లేదో లైట్లతో చూపించే చిన్న ప్లగ్. ఎలక్ట్రికల్ షాపుల్లో అడగండి, పెద్ద ఖర్చు కాదు
- కనీసం ఆరు మీటర్ల గిటార్ కేబుల్ ఇంకొకటి. ఇది దేనికో చివర్లో తెలుస్తుంది

1. మీ చివరి పది ప్రోగ్రాములు కాగితం మీద రాయండి

ప్రతిదానికీ నాలుగు విషయాలు చాలు: డ్రమ్స్ అకౌస్టిక్ కిట్టా, ఎలక్ట్రానిక్ ప్యాడా? సౌండ్ వాళ్లు బేస్‌కి మిక్సర్‌లో లైన్ (బేస్ శబ్దం హాలు స్పీకర్లలోకి వెళ్లే కనెక్షన్) ఇచ్చారా? మీకు మానిటర్ (మీరు వినడానికి స్టేజీ మీద పెట్టే స్పీకర్) ఇచ్చారా? మీరు దేని మీద వెళ్లారు, మెట్లెన్ని ఎక్కారు?

పదింట్లో ఏడెనిమిది సార్లు లైన్ ఇచ్చి ఉంటే, మీ యాంప్ పని హాలు నింపడం కాదు. అది మీకూ డ్రమ్మర్‌కీ వినబడితే చాలు, హాలు సంగతి పీఏ (సౌండ్ వాళ్ల హాలు స్పీకర్లు) చూసుకుంటుంది. అప్పుడు చిన్నదే సరైనది. లైన్ అసలు ఇవ్వరు, రెండు టాప్ బాక్సుల్లో పాట, కీబోర్డు మాత్రమే వెళ్తాయి, బేస్ మీరే చూసుకోవాలి అంటే ఆ లెక్క వేరు, మరీ చిన్నదానికి వెళ్లొద్దు. ఈ కాగితం రాయకుండా కొన్నవాళ్లలో చాలామంది, జరిగే ప్రోగ్రాములకు కాకుండా ఎప్పుడో జరుగుతుందని ఊహించుకున్న పెద్ద ప్రోగ్రాముకి కొన్నారు. పెద్ద స్టేజీ అయితే పెద్ద పీఏ వాళ్లే పెడతారు కదా.

2. ఎంత బరువు మోయగలరో మోసి చూడండి

ఊహించొద్దు. గిటార్ బ్యాగ్ వీపుకి తగిలించుకుని, పది కిలోల బియ్యం బస్తా ఒక చేత్తో పట్టుకుని రెండు అంతస్తులు ఎక్కి దిగండి. తర్వాత అదే బస్తాకి ఇంకో ఐదు కిలోలు కలిపి చేయండి. రాత్రి పదకొండింటికి ప్రోగ్రాం అయిపోయాక మీ చేతులు ఎలా ఉంటాయో కూడా గుర్తుపెట్టుకోండి. నా మట్టుకు ఒక చేత్తో మోసే బాక్స్ 13 కిలోలు దాటకూడదు, దాటితే నెల తిరిగేసరికి దాన్ని ఇంట్లో వదిలేసి వెళ్లడం మొదలవుతుంది.

స్కూటర్ మీద అయితే బరువు కంటే వెడల్పుతో ఇబ్బంది. కాళ్ల దగ్గర పెట్టే చోటు టేపుతో కొలుచుకోండి, హ్యాండిల్ పూర్తిగా తిప్పితే తగలకుండా ఉండాలి. బైక్ వాళ్లకు మాత్రం ఖచ్చితంగా చెబుతున్నా, వెనక సీటు మీద తాడుతో కట్టి బాక్స్ తీసుకెళ్లొద్దు, ఆటో ఎక్కండి.

3. మూడు దారుల్లో ఒకటి తేల్చుకోండి

*కాంబో.* హెడ్డూ బాక్సూ ఒకటే. ఫెండర్ రంబుల్ 100 దాదాపు పది కిలోలు, రిహార్సల్‌కీ చిన్న చర్చికీ సరిపోతుంది. రంబుల్ 500 పదహారు పదిహేడు కిలోలు, అకౌస్టిక్ డ్రమ్స్ పక్కన నిలబడుతుంది. ఒక్క ప్లగ్గు పెడితే పని అయిపోతుంది. ఇబ్బంది ఏంటంటే, రిపేరు వస్తే రెండూ ఒకేసారి పోయినట్టే, రేపు పెద్దది కావాలంటే అంతా మార్చాలి.

*చిన్న హెడ్, ఒక మంచి బాక్స్.* నన్నడిగితే ఎక్కువమందికి ఇదే. వార్విక్ నోమ్, ట్రేస్ ఇలియట్ ఎల్ఫ్ లాంటి 200 వాట్ల హెడ్‌లు కిలో లోపే. కొంచెం పెద్ద 500 వాట్ల రకాలు కూడా రెండు కిలోల దగ్గరే ఉంటాయి. పన్నెండు అంగుళాల స్పీకర్ ఒకటున్న బాక్స్ దానికి జత. లైన్ ఇచ్చే చోటికి ఒక్కోసారి హెడ్ మాత్రమే పట్టుకెళ్తే చాలు, దాని వెనక డీఐ అవుట్ (మిక్సర్‌కి నేరుగా పంపే సాకెట్) ఉంటే అక్కడి నుంచే మిక్సర్‌కి వెళ్లిపోతుంది. ట్యూబ్ హెడ్‌ని బాక్స్ తగిలించకుండా ఆన్ చేయకూడదు, ఈ చిన్న క్లాస్-డి హెడ్‌లకు సాధారణంగా ఆ భయం లేదు, అయినా మాన్యువల్‌లో ఒకసారి చూసుకోండి.

*యాంపే లేకుండా.* ప్రీయాంప్ పెడల్ (టోన్ దిద్ది మిక్సర్‌కి పంపే చిన్న పెట్టె) లేదా డీఐ పెట్టె, చెవుల్లో ఇయర్ మానిటర్లు, అంతే. చర్చిల్లో ఇప్పుడు చాలాచోట్ల ఇదే పద్ధతి, స్టేజీ మీద మోత తగ్గుతుంది, పాస్టర్ గారికీ సుఖం. కానీ మిక్సర్ దగ్గర మీకు విడిగా మిక్స్ ఇచ్చే మనిషి ఉండాలి. ప్రతిసారీ కొత్త సౌండ్ వాళ్లతో పనిచేసే ఆర్కెస్ట్రా వాళ్లు దీన్ని ఒక్కదాన్నే నమ్ముకుంటే ఇబ్బంది పడతారు, లైన్ కట్ అయితే మీ దగ్గర ఇంక ఏ శబ్దమూ ఉండదు.

నాలుగోది కూడా ఉంది: ప్రీయాంప్ పెడల్ పెట్టి, కరెంటుతో నడిచే పన్నెండు అంగుళాల పీఏ స్పీకర్‌లోకి వెళ్లడం. ఇంట్లో ఆ స్పీకర్ ఇప్పటికే ఉంటే ముందు దానితోనే ప్రయత్నించండి, కొత్త ఖర్చు లేదు. దాని మీద 1000 వాట్లని రాసి ఉంటుంది, అది చాలాసార్లు క్షణకాలపు పీక్ లెక్క, నమ్మి మోసపోవద్దు.

4. వాట్లు చూసే ముందు బాక్స్ కాగితం చదవండి

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే కాబట్టి కొంచెం ఓపికగా చదవండి. షాపులో అందరూ "ఎన్ని వాట్లు?" అనే అడుగుతారు. వాట్లు రెట్టింపైతే పెరిగేది మూడు డెసిబెల్‌లే, చెవికి అది "కొంచెం పెరిగింది" అనిపిస్తుందంతే. రెట్టింపు మోతగా అనిపించాలంటే దాదాపు పది రెట్ల వాట్లు కావాలి. అదే, 94 డెసిబెల్‌ల బాక్స్ బదులు 97 డెసిబెల్‌ల బాక్స్ తీసుకుంటే హెడ్ మార్చకుండానే వాట్లు రెట్టింపు చేసినంత ఫలితం. సెన్సిటివిటీ అని రాసి ఉండే ఆ అంకె చూడండి. కంపెనీలు కొలిచే పద్ధతులు ఒకేలా ఉండవు కాబట్టి దాన్ని వేదవాక్కులా తీసుకోవద్దు, అంచనాకి పనికొస్తుంది.

చిన్న పెట్టె, లోతైన బేస్, పెద్ద మోత, ఈ మూడూ ఒకేచోట దొరకవు. ఏవైనా రెండు తీసుకుని మూడోది వదులుకోవాలి. ఇది ఏ కంపెనీ లోపమూ కాదు, స్పీకర్ పనిచేసే తీరే అంత. గిగ్‌కి నా సలహా, లోతు కొంచెం వదులుకోండి. నాలుగు తీగల బేస్‌లో అన్నిటికంటే మందమైన E తీగ 41 హెర్ట్జ్, ఐదు తీగల బేస్‌లో B తీగ 31 హెర్ట్జ్. కానీ హాల్లో ఆ స్వరాన్ని గుర్తుపట్టించేది ఎక్కువగా దాని పైన పలికే 80, 120 హెర్ట్జ్ భాగం. బాక్స్ 60 హెర్ట్జ్ దగ్గర నుంచి గట్టిగా పలికితే ప్రోగ్రాం హాయిగా నడుస్తుంది. ఐదు తీగల వాళ్లు మాత్రం B తీగ వాయించి చూడకుండా కొనొద్దు.

మాగ్నెట్ నియోడిమియం అయితే బాక్స్ తేలిక, ధర ఎక్కువ. ఫెర్రైట్ అయితే బరువు, ధర తక్కువ. శబ్దంలో తేడా మాగ్నెట్ వల్ల కాదు, మొత్తం తయారీ వల్ల. కారులో తిరిగేవాళ్లు ఫెర్రైట్ బాక్స్‌తో డబ్బు మిగుల్చుకోవచ్చు.

5. ఓమ్‌లు సరిచూడండి

ఓమ్‌లంటే కరెంటుకి బాక్స్ ఇచ్చే అడ్డు కొలత. హెడ్ మీద "200 వాట్లు" అని ఉంటే చాలాసార్లు అది 4 ఓమ్‌ల దగ్గర. 8 ఓమ్‌ల బాక్స్ ఒక్కటే తగిలిస్తే అదే హెడ్ 130 వాట్ల చుట్టుపక్కల ఇస్తుంది. గాభరా పడకండి, తేడా రెండు డెసిబెల్‌లు కూడా కాదు. పైగా రేపు అలాంటిదే ఇంకో 8 ఓమ్‌ల బాక్స్ కలిపితే రెండూ కలిసి 4 ఓమ్‌లు అవుతాయి, అప్పుడు హెడ్ పూర్తి శక్తి ఇస్తుంది, స్పీకర్లూ రెండవుతాయి, అంతా కలిపి ఐదు డెసిబెల్‌ల దాకా పెరుగుతుంది. అందుకే మొదటి బాక్స్ 8 ఓమ్‌లది తీసుకోమంటాను.

హెచ్చరిక: 4 ఓమ్‌ల బాక్సులు రెండు కలిపితే 2 ఓమ్‌లు. చాలా చిన్న హెడ్‌లు 4కి దిగువ పని చేయవు. "కనిష్ఠం 4 ఓమ్‌లు" అని వెనక రాసి ఉంటే దానికి దిగొద్దు, సగం పాటలో ఆగిపోతుంది, లేదా కాలిపోతుంది.

6. విదేశం నుంచి తెప్పిస్తుంటే ముందు ఓల్టేజ్

మన దగ్గర 230 ఓల్టులు, అమెరికాలో 120. హెడ్ వెనక, ప్లగ్ పెట్టే చోటు పక్కన ఏం రాసుందో అమెరికాలో ఉన్నవాళ్లతో ఫోటో తీయించుకుని చూడండి. "100–240" అని ఉంటే నిశ్చింత, పవర్ కేబుల్ మారిస్తే సరిపోతుంది. స్విచ్‌తో మార్చుకునే రకమైతే ఇక్కడ మొదటిసారి ప్లగ్ పెట్టే ముందే మార్చాలి. "120" అని ఒక్కటే ఉంటే వదిలేయండి. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవచ్చు కానీ అది కిలోల బరువు, కిలో హెడ్ కొని దానికి ఇంకో బరువు తగిలించుకున్నట్టు. ఒకే మోడల్ కూడా దేశాన్ని బట్టి వేరే ఓల్టేజ్‌తో అమ్ముతుంటారు, అందుకే ఇంటర్నెట్‌లో చదివింది సరిపోదు, ఆ పెట్టె మీది అక్షరాలే చూడాలి.

7. కేబుల్ విషయంలో పిసినారితనం వద్దు

హెడ్ నుంచి బాక్స్‌కి వెళ్లేది స్పీకర్ కేబుల్. అది గిటార్ కేబుల్ లాగే కనిపించవచ్చు, లోపల మాత్రం వేరు. గిటార్ కేబుల్‌లో వెంట్రుకలాంటి సన్న తీగ, చుట్టూ షీల్డ్ ఉంటాయి. ఒక రిసెప్షన్‌లో నా స్పీకర్ కేబుల్ ఇంట్లో మర్చిపోయి, గిటార్ కేబుల్ పెట్టి నడిపాను. మూడో పాటకి శబ్దం చిరుగుతున్నట్టు వచ్చింది, ఐదో పాటకి ప్లాస్టిక్ కాలుతున్న వాసన, చెయ్యి పెట్టి చూస్తే జాక్ దగ్గర కేబుల్ మెత్తబడి వేడిగా ఉంది. హెడ్ తనంతట తాను ఆగిపోయింది కాబట్టి బతికింది. పెళ్లికొడుకు వాళ్ల నాన్నగారు స్టేజీ ముందే నిలబడి ఉన్నారు, ఆ పది నిమిషాలు నాకు ఇప్పటికీ గుర్తే.

హెడ్, బాక్స్ రెండింటికీ స్పీకాన్ అనే కనెక్టర్ ఉంటే అదే వాడండి, తిప్పితే లాక్ అవుతుంది, ఎవరి కాలో తగిలి ఊడదు. విడి స్పీకాన్ కనెక్టర్లు, రాగి తీగ తెచ్చుకుని తెలిసిన టెక్నీషియన్‌తో చేయించుకోవచ్చు, హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో అడగండి. రెండు చేయించి ఒకటి ఎప్పుడూ గిటార్ బ్యాగ్‌లోనే ఉంచండి.

ఇంకో హెచ్చరిక, స్పీకర్ అవుట్‌ని మిక్సర్‌కి ఎప్పుడూ ఇవ్వొద్దు. సౌండ్ కుర్రాడు హడావిడిలో "అన్నా, ఆ జాక్ ఇవ్వు" అని లాగేస్తాడు, మీరే చూసి డీఐ అవుట్ అందించండి. డీఐ పక్కన "ప్రీ", "పోస్ట్" అని బటన్ ఉంటే ప్రీలో పెట్టండి, అప్పుడు మీరు యాంప్ మీద టోన్ మార్చినా హాల్లో మారదు, మిక్సర్ దగ్గరున్న అన్నకి టెన్షన్ ఉండదు.

8. షాపులో ఎలా పరీక్షించాలి

మీ బేస్‌తోనే, నిలబడి. బాక్స్ నేల మీద గోడ వారగా పెడితే ఏదైనా బాగానే వినబడుతుంది, దాన్ని గోడకి మీటరు ముందుకు జరపమనండి. టోన్ నాబ్‌లన్నీ మధ్యలో ఉంచండి. స్లాప్ (బొటనవేలితో తీగను కొట్టి) వాయించి మురిసిపోకుండా, E తీగ మీద ఖాళీ తీగ నుంచి పన్నెండో ఫ్రెట్ దాకా ఒక్కో స్వరం ఒకే బలంతో నింపాదిగా వాయించండి. ఏదో రెండు స్వరాలు గుప్పుమని, మిగతావి నీరసంగా వస్తే ఆ బాక్స్‌తో ప్రతి హాల్లోనూ తంటాలే. తర్వాత మోత పెంచి, స్పీకర్ పటపటమనేదాకా తీసుకెళ్లి, అక్కడి నుంచి కొంచెం తగ్గించండి. ఆ తగ్గించిన చోటే మీకు దొరికే నిజమైన గరిష్ఠం. షాపు వాళ్లు పెంచనివ్వకపోతే కొనకుండా వచ్చేయండి, లేదా కొన్న వారంలో మార్చుకునే వీలు రాయించుకోండి.

హై పాస్ ఫిల్టర్ ఉందేమో అడగండి. 35, 40 హెర్ట్జ్ కింద ఉన్న వట్టి ఊపుని అది ఆపుతుంది, చిన్న స్పీకర్‌కి అదే ప్రాణరక్ష. హెడ్‌లో లేకపోతే విడి పెడల్‌గా దొరుకుతుంది, నా మాట నమ్మండి, చిన్న బాక్స్ వాళ్లు కంప్రెసర్ (మోత హెచ్చుతగ్గులను సమం చేసే పెడల్) కంటే ముందు ఇది కొనాలి.

9. మొదటి ప్రోగ్రాం రోజు

ముందు సాకెట్ టెస్టర్. ఫంక్షన్ హాళ్లలో, జనరేటర్ లైన్ల మీద ఎర్త్ లేకపోవడం మామూలే. మైకుకి పెదవి తగిలి షాక్ కొట్టిందంటే కారణం చాలాసార్లు ఇదే. హమ్ (గుయ్‌మనే శబ్దం) వస్తోందని ఎవరైనా ప్లగ్ ఎర్త్ పిన్ విరిచేయమంటే ఒప్పుకోవద్దు, అది ప్రాణం మీదకి తెచ్చే పని. డీఐ దగ్గర గ్రౌండ్ లిఫ్ట్ బటన్ ఉంటుంది, హమ్‌కి అది నొక్కండి.

బాక్స్‌ని కుర్చీ మీద పెట్టండి లేదా వెనక్కి వాల్చండి. పెళ్లి స్టేజీలు కర్ర బల్లలు వేసి పైన కార్పెట్ పరిచినవి, వాటి మీద నేరుగా పెడితే స్టేజీ మొత్తం డోలులా మోగుతుంది, మీకు మాత్రం స్వరం తెలియదు. స్పీకర్ మీ మోకాళ్లకి కాదు, చెవికి వినిపించాలి.

తర్వాత గెయిన్, అంటే హెడ్‌లోకి వచ్చే శబ్దాన్ని చూసే నాబ్. మీరు వాయించేంత గట్టిగా వాయిస్తూ క్లిప్ లైటు (శబ్దం మితిమీరితే వెలిగేది) అప్పుడప్పుడు మాత్రమే మెరిసేలా పెట్టి, మిగతాదంతా మాస్టర్ (చివరి మోత) నాబ్‌తో చూసుకోండి. యాక్టివ్ (లోపల బ్యాటరీతో నడిచే) బేస్ అయితే హెడ్ మీద "యాక్టివ్" అని బటన్ ఉందేమో చూసి నొక్కండి.

వినబడట్లేదనిపిస్తే బేస్ నాబ్ జోలికి పోవద్దు. నేను చాలాకాలం చేసిన తప్పు ఇది: బాక్స్ పక్కనే నిలబడి లోతు చాలట్లేదని బేస్ నాబ్ మూడో వంతు తిప్పేవాణ్ని. ఒకరోజు డ్రమ్మర్ భార్య వెనక వరసలో కూర్చుని తీసిన వీడియో పంపింది. అందులో నా స్వరం ఒక్కటీ తెలియలేదు, కింద నుంచి గుబగుబ తప్ప. అప్పటి నుంచి వినబడకపోతే మిడ్స్ (మధ్య శబ్దాలు) పెంచుతున్నాను, 400 నుంచి 800 హెర్ట్జ్ మధ్య. హాలు గుప్పుమంటుంటే బేస్ కొంచెం తగ్గిస్తున్నాను. ఇంట్లో ఒంటరిగా వింటే ఆ టోన్ ముక్కుతో పలికినట్టుంటుంది, బ్యాండ్‌లో అదే సరిపోతుంది.

ఎండలో బయట స్టేజీ అయితే హెడ్‌ని నీడలో పెట్టి, ఫ్యాన్ గాలి వచ్చే చోటు మూసుకుపోకుండా చూడండి. గుడ్డ సంచిలో ఉంచే నడిపితే వేడెక్కి ఆగిపోతుంది. అలా ఆగితే పది నిమిషాలు చల్లారనిచ్చి మళ్లీ ఆన్ చేయండి, ఆ లోపు డీఐ పెడల్‌తో నేరుగా మిక్సర్‌కి వెళ్లిపోండి.

సరిగ్గా కుదిరిందో లేదో ఎలా తెలుస్తుంది

ఇందాక చెప్పిన పొడవాటి కేబుల్ ఇప్పుడు తీయండి. సౌండ్ చెక్‌లో బ్యాండ్ అంతా వాయిస్తుండగా మీరు వాయిస్తూనే స్టేజీ దిగి వెళ్లగలిగినంత దూరం వెళ్లండి, వైర్‌లెస్ ఉంటే హాలు మధ్యకి. అక్కడ కిక్ డ్రమ్, బేస్ రెండూ విడివిడిగా తెలియాలి. రెండూ కలిసి ఒకే ముద్దలా వస్తుంటే బేస్ నాబ్ తగ్గించండి.

రెండోది, ఒక పాట మొత్తం ఫోన్‌ని వెనక కుర్చీ మీద పెట్టి రికార్డు చేయండి. ఫోన్‌లో అసలు లోతు సరిగా రాదు, ఫరవాలేదు, మీరు వినాల్సింది ఏ స్వరం వాయించారో తెలుస్తోందా అన్నది మాత్రమే.

మూడోది, రెండో సెట్ మొదలయ్యేసరికి మాస్టర్ ఎక్కడుందో చూడండి. మొదట్లో సగం దగ్గర పెట్టింది చివరికి వచ్చేసి, క్లిప్ లైటు ఆగకుండా వెలుగుతుంటే ఆ బాక్స్ ఆ బ్యాండ్‌కి చాలదు. హెడ్ మార్చకండి, అలాంటి 8 ఓమ్‌ల బాక్స్ ఇంకొకటి ఎవరి దగ్గరైనా ఒక రోజుకి తీసుకుని కలిపి చూడండి. సరిపోతే అదే కొనండి, చిన్న ప్రోగ్రాముకి ఒకటి, పెద్దదానికి రెండు పట్టుకెళ్లవచ్చు. సరిపోకపోతే ముందు డ్రమ్మర్‌తో మాట్లాడి చూడండి.